అంచు దొరకని బొమ్మ

హన్మకొండ చౌరస్తాల మా ఫ్లెక్సీ షాపు
షట్టరు సగం దించి
ఒక బొమ్మ వెనకాల ఉన్న నలుపును తీస్తున్న.
బొమ్మ నుస్రత్‌ది. పాలిటెక్నిక్, మూడో ఏడు.
ఏదో లెక్క రాసిందట, ఒక్క లైను లెక్క,
దాని జవాబును మళ్ళ దాని నోట్లనే పెట్టిందట,
లక్షసార్లు.
ఇది పుట్టింది:
గోబిపువ్వుల గోబిపువ్వు, దాని రెక్కల ఇంకో గోబిపువ్వు,
కొసదాక పోయి చూస్తే మొదట్లనే ఉంటం.

"వెనక ఏం ఉండొద్దన్నా,
జంపఖానా మీద ప్రింటు పడాలె."

ఏం ఉండొద్దు అనేది నేను రోజూ వినే మాటే.
పదకొండేండ్ల సంది నా పని అదే.
పెండ్లి ఫొటోలకెళ్ళి ఒక తలను కోసుకొచ్చి
దశదినకర్మ ఫ్లెక్సీల మబ్బుల మీద కూసోబెడ్త.
భుజం మీద ఎవరిదో చెయ్యి మిగుల్తది,
దాన్ని చెక్కేస్త.
మనుషులకు అంచుంటది. కాలరు కాడ, చెవి కాడ
ఇంతవరకు మనిషి, ఇక్కడికెళ్ళి గోడ అని తెలుస్తది.
వెంట్రుకల కాడనే జరంత దొంగతనం.

దీనికి అంచే లేదు.

మంత్రదండం టూలుతోని నలుపు మీద ఒక్క నొక్కు నొక్కిన.
బయటి నలుపుతో పాటు కడుపులో నలుపూ పోయి
పురుగు తిన్న ఆకోలె మిగిలింది.
కంట్రోల్ జెడ్.
పట్టు తగ్గించి నొక్కిన. చుట్టూ మసి,
బుడ్డిదీపం చిమ్నీకి పట్టినట్టు.
కంట్రోల్ జెడ్.
పెన్ను టూలుతోని గీద్దామని సురువు చేసిన,
దగ్గరికి జరిపితే ఒక్క వంపుల పది వంపులు,
ఇంకా జరిపితే పదిట్ల పదేసి.
ఇసుక గింజ గింజకు వంగుకుంట వాగొడ్డు కొలిచెటోని లెక్క
అర్ధగంటకు గోరంత జరగలే.

పదిన్నరకు చిప్ప ఓదెలు వచ్చిండు,
కొత్తవాడల మగ్గం, జంపఖానా నేసింది ఆయనే.
స్క్రీను మీదికి వంగి
బూడిదరంగు, తెల్లరంగు గళ్ళు చూసి
"నేను గళ్ళది నెయ్యలే గద, సాఫ్ ఎర్రది నేసిన" అన్నడు.
"అవి గళ్ళు కాదు కాకా. ఆడ ఏం లేదని గుర్తు."
"ఏం లేనిదానికి గుర్తెందుకు?"
చెప్పలేకపోయిన.
"మా తాన ఏం లేని జాగ ఉండదు పిలగా,
పువ్వు లేని కాడ గూడ పోగు పోవాలె.
పువ్వుకు ఎంత పనో ఖాళీకి అంతే పని.
కూలి గూడ అంతే."
చాయ్ తాగి, కప్పు మౌసు పక్కనే పెట్టి పోయిండు.

అప్పుడు కాదు,
కరెంటు పోయి యూపీఎస్ కూతపెట్టంగ తట్టింది.
ఇది నలుపు మీద గీసిన బొమ్మ కాదు.
వెలుగు ఎంత తగ్గితే అంత నలుపు, గంతే.
నలుపును ఎందుకు వెతుకుతున్న?
బొమ్మకే ఇంకో కాపీ తీసి, రంగులు దించి,
దాన్నే దానికి మాస్కుగ తొడిగిన.
ఏడ ఎంత వెలుగో ఆడ అంత ఉండుడు.
నడిమిట్ల నిండుగ, రెక్కల కాడ సగం,
కొసలకు నూటికి మూడు పాళ్ళు, రెండు,
ఒకటి
లేదు అనేది ఏడ మొదలైందో
నాకు తెల్వది, సిస్టంకు తెల్వది.

కింద ఓదెలు జంపఖానా ఫొటో పెట్టిన.
పువ్వు కొసలకెళ్ళి ఎరుపు కనబడ్డది,
పోగులతో సహా.

దాచెటప్పుడు జేపీజీ మీద చెయ్యి పడబోయింది.
అది ఖాళీని ఓర్వది, సున్నం కొడ్తది.
పీఎన్‌జీ.
పేరు: నుస్రత్ గోబి ఫైనల్ నాలుగు.

పక్క విండోల మాచర్ల కొమురెల్లి ఉన్నడు,
పొద్దున ఏడింటికి ఇయ్యాలె.
తల వచ్చింది, మబ్బులు వచ్చినయి.
భుజం మీద ఆకుపచ్చ గాజుల చెయ్యి ఉన్నది.
చెక్కెటోన్ని, ఆగిన.
నూటికి పన్నెండు పాళ్ళు ఉంచిన.
ఎవరన్న అడిగితే
ప్రింటు మరక అంట.