వెనక సీటు

నాదర్‌గుల్ షెడ్డులో ఆదివారం మీటింగు.
ఫ్యాను తిరుగుతోంది గానీ
గాలి మాత్రం బయటే ఉంది.
బల్ల మీద మూడు ఫోటోలు, క్లబ్బు పాస్‌బుక్కు,
చాయ్ గ్లాసులు వదిలిన గుండ్రటి మరకలు.

కొనాల్సినవి రెండు గ్లైడర్లు.
ఉన్న డబ్బు ఒకటిన్నరకి.

దేశ్‌పాండే గారు కళ్ళజోడు నుదుటికెక్కించి
"ఈ ఫైబర్‌ది చూడండి, ఎంత నాజూగ్గా ఉందో!
వెయ్యి అడుగులు దిగేలోపు తుక్కుగూడ దాటేస్తుంది" అన్నారు.
పెళ్ళిచూపుల మాట అది.
కాపురం చేయాల్సినవాణ్ణి నేను,
నోరు మెదపలేదు.

ఖలీల్ భాయ్ టేపు తీసి షెడ్డు తలుపు కొలిచాడు.
పదహారు మీటర్ల మీద జానెడు.
ఫైబర్‌దాని రెక్కలు పదిహేడు.
"రోజూ పొద్దుగాల రెక్కలు బిగించాలె, పొద్దుగూకినంక ఇప్పాలె.
నా నడుం ఒప్పుకోదు సాబ్.
బట్ట రెక్క చినిగితే సూదీ దారం చాలు.
ఇది చిట్లితే యాడికి తోలాలె?"

మూడో ఫోటోలో పక్కపక్క సీట్లు,
సిటీ బస్సులో లాగా భుజాలు రాసుకుంటూ.
ఒక్క క్షణం ఆశపడ్డాను.
ఇరవై రెండేళ్ళుగా వెనక కూర్చున్నవాణ్ణి,
నేర్పినవాళ్ళ ముఖాలు గుర్తుండవు నాకు,
మెడలు గుర్తుంటాయి.
చెమట పూసల మెడ, తాయెత్తు నల్లదారం మెడ,
ఐదొందల అడుగుల్లో విఞ్చి తాడు పట్టున తెగినా
వెనక్కి తిరగని ఒకే ఒక్క మెడ.
భయం ముందు అక్కడికే వస్తుంది,
చేతికి తర్వాత.

"మాస్టారూ, మీరేమంటారు?"

బయట, కంకర క్వారీ వేడి మీద
రెక్క ఆడించకుండా గద్దలు.
తలుపు దగ్గర నిలబడి స్వరూప,
బడంగ్‌పేట టైలరు కూతురు, నలభై మూడు కిలోలు.
సీటు కింద సీసం పలకలు లేకపోతే ముక్కు నిలవదు,
వీపు వెనక దిండు లేకపోతే పెడళ్ళు అందవు.
రెండు వారాల్లో ఒంటరిగా ఎగరాలి.

"నేను లేనప్పుడు ఏది బాగా ఎగురుతుందో అది కొనండి" అన్నాను.

దేశ్‌పాండే గారు పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టారు.

తప్పు చేయగానే విదిలించి కొట్టేది వద్దండీ.
ఎన్ని చేసినా ఊరుకునేదీ వద్దు,
అది పిల్లల్ని పాడుచేస్తుంది.
వేగం చచ్చిపోయే ముందు
కర్రలో సన్నగా వణకాలి,
ఇంకా టైముంది చూసుకో, అన్నట్టు.

చేతులు లేచాయి. ఏడు, నాలుగు.
పాతవే, బట్ట రెక్కలవే, రెండు.
ఓడిన నలుగురూ కలిసి బయటికెళ్ళి సిగరెట్టు ముట్టించారు.

స్వరూప అడుగుతోంది:
"ఏం బట్ట అది? ఏ నంబరు సూది?"
ఖలీల్ భాయ్ జవాబివ్వకుండా
పాత ట్రైనర్ మూత ఎత్తి
ఆమెకు వేరే సంగతి చూపిస్తున్నాడు.
ఖాళీగా ఉన్నా సరే,
వెనక సీటు బెల్టులు
ఎవరో కూర్చున్నట్టే బిగించి కట్టాలె బేటా.