తియ్యనీళ్ళు

ఆరున్నరకి గేటు తాళం తీస్తాడు గంగుళప్ప.
తుప్పు పలక మీద నిషిద్ధ ప్రాంతం అన్న మాటలో
నిషి ఒక్కటే మిగిలింది.

మిలిటరీ పోయి పందొమ్మిదేళ్ళు.
లారీలు బాగుచేసిన షెడ్లలో
పావురాలు పెరేడు చేస్తున్నాయి.
బెంగళూరు పెరిగి పెరిగి
ఈ కంచెకి చెవి ఆనించి నిలబడింది.
అటువైపు బాల్కనీల్లో చీరలు,
ఇటువైపు నేను, నా చేతులకి నీలం తొడుగులు.

బావి నంబరు ఏడు.
బావి అంటే బావి కాదు, జానెడు లేని గొట్టం,
దాని మూతకీ తాళం.
నలభై రెండడుగుల కిందికి తాడు దింపి
మూడుసార్లు తోడింది డ్రమ్ములో పోస్తాను,
నేల మీద ఒలకకూడదు.
నాలుగోది సీసాకి.
సీసాలో ఒక్క బుడగ ఉండకూడదు,
ఉంటే నేరం అందులోకి పారిపోతుంది.

గంగుళప్ప గట్టు మీద గొంతుకూర్చున్నాడు.
"ఈడ బాయి తవ్వింది మా ఒడ్డోళ్ళమేమ్మా.
నాకప్పుడు మీసం రాలే.
ఎర్రమన్ను పన్నెండు మూరలు, ఆనెక సుద్ద, ఆనెక బండ.
బండ సందులో చల్లగ తగిలె.
తియ్యనీళ్ళు!
సుబేదారు టెంకాయ కొట్టిచ్చె."

కాసేపు బీడీ వెతుక్కున్నాడు.
ఇక్కడ నిప్పు వద్దని గుర్తొచ్చి మానేశాడు.

"ఆ వారమే షెడ్డెనక గుంత తవ్వమనిరి.
ఎంత లోతంటే, ఊరికే తవ్వురా అనిరి.
ఇంజన్లు కడిగిన మందు డ్రమ్ములు
దొర్లిచ్చింది గూడా మేమే.
బాయికీ మూడు రూపాయలే, గుంతకీ మూడు రూపాయలే.
శానా ఏండ్లకి నీళ్ళు తియ్యటి వాసనేసె.
గంగమ్మ కరిగిందనె మా సుంకమ్మ.
రెండు కడవలు ఎక్కువే మోసె."

సుంకమ్మ గురించి ఆ తర్వాత అతను చెప్పలేదు.
నేను అడగలేదు.

ఉప్పన కానిదాన్నల్లా తియ్యన అనేస్తుంది మన భాష.
ఆ మాట నమ్మి
ఈ గోడ చుట్టూ ఎన్ని బిందెలు నిండాయో
ఏ రిజిస్టరులోనూ లేదు.

పంపు రాత్రీ పగలూ తోడుతూనే ఉంది.
నీళ్ళు ఎత్తునుంచి గాలికి ఎదురు జారి
నల్లటి పీపాల్లో బొగ్గు గుండా దిగుతాయి.
బొగ్గు దేంతో చేస్తారని అడిగాడు.
టెంకాయ చిప్పలతో అన్నాను.
"ఐతే సుబేదారు కొట్టింది ఇప్పుడు పనికొచ్చె"
పకపకా నవ్వాడు, ఉన్న మూడు పళ్ళతో.

పోయినేడు వంద కోట్ల చుక్కల్లో నూట నలభై.
ఈసారి నూట ముప్పై ఆరు.
ఐదుకి రావాలి.
"ఎన్నేండ్లమ్మా?"
ముప్పై. బండ సందులు మేం గీసుకున్నట్టు లేకపోతే
ఇంకా ఎక్కువ.
వేళ్ళ కణుపులు లెక్కపెట్టి
ఉంగరం వేలు దగ్గర ఆపేశాడు.
"ఒక పూట పనమ్మా, ఆ గుంత."

లేబులు మీద
తేదీ, వేళ, లోతు, తీసినవారు.
తవ్వినవారు అన్న గడి లేదు.
సీసాని ఐసుపెట్టెలో పెట్టి మూత నొక్కాను.
ఎండెక్కింది.

"తాగమ్మా, అంగట్లో కొన్నవే, ఇరవై రూపాయలు"
సంచిలోంచి ప్లాస్టిక్ సీసా తీశాడు.
సీలు తిప్పాడు.
నాకు ఇవ్వబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని
ముందు తను
వాసన చూశాడు.