ఇంకేమైనా?

రాత్రి రెండు దాటింది. బొమ్మనహళ్ళి.
కిటికీ అవతల మెట్రో స్తంభాల మీద
ఎవరికీ అక్కర్లేని పసుపు వెలుతురు.
స్ట్రెచర్ మీది కుర్రాడి పేరు నిశ్చల్.
మానిటర్ మీద గుండె నూట ముప్పై ఆరు.
రక్తం పోయినందుకే అనుకున్నారు అందరూ.

బైక్ జారింది. తొడ ఎముక రెండైంది.
ఎప్పుడు తిన్నావు? తొమ్మిదికి, బెన్నె దోసె.
ఊగే పళ్ళున్నాయా? లేవు.
ఉబ్బసం? లేదు.
ఇంకేమైనా తీసుకున్నావా?
లేదు.

ఇంత వెలుతురులోనూ కనుపాపలు
నేరేడు పళ్ళలా విచ్చుకునే ఉన్నాయి.
నొప్పికీ విచ్చుకుంటాయి, నిజమే.
కానీ తొడ విరిగినవాడు
సీలింగు మరకను చూసి ముసిముసిగా నవ్వడు.

సంతకాలున్నాయని వాళ్ళక్కను బయటికి పంపాను.
తెర లాగి, స్టూలు జరుపుకుని కూర్చున్నాను.
"నేను పోలీసును కాను. తిట్టను కూడా.
నువ్విప్పుడు ఎక్కడున్నావో తెలియకుండా
నిన్నెక్కడికని నిద్రపుచ్చను?"

చాలాసేపటికి:
"ఒక స్టాంపు. పదకొండుకి.
అక్కంగె హేళ్బేడి, మేడమ్."
ఇరవై ఏళ్ళయినా నా మదనపల్లి చెవికి
హేళ్బేడి అంటే ఒట్టి 'చెప్పొద్దు' కాదు,
చెయ్యి పట్టుకున్నట్టుంటుంది.

నాలుక మీద కరిగిన గోరంత కాగితం
నా ట్రే మొత్తం తిరగరాసింది.
కెటమిన్ సీసా వెనక్కి పెట్టేశాను,
తలుపులే లేని ఇంట్లో ఇంకో గోడ కూల్చడమెందుకు?
ట్రమడాల్ వద్దన్నాను.
కండరాలను క్షణంలో వదులుచేసే ఆ మందు
వీడి ఒంట్లో ఎంతసేపు కూర్చుంటుందో
పుస్తకాలు గొణుగుతాయే గాని గట్టిగా చెప్పవు.
పావుగంటకోసారి ఒళ్ళు కాలుతోందేమో చూడమన్నాను.

పాదం వెచ్చగా ఉంది, నాడి అందుతోంది.
పొద్దుటిదాకా ఆగొచ్చు.
కేసు షీటులో అక్షరం దాచకుండా రాశాను.
అక్కతో మాత్రం, కడుపు ఇంకా ఖాళీ కాలేదమ్మా అన్నాను.
అదీ నిజమే.

రెండేళ్ళ క్రితం ఒకమ్మాయి, అపెండిక్స్.
లేదు అంది. సరే అన్నాను.
మెలకువ రాగానే సెలైన్ గొట్టాలు పీకేసుకుని
తన చేతుల్ని చూసి తనే కెవ్వుమంది.
నేను రెండోసారి అడగలేదు.

లైట్లు తగ్గించాను. అలారం గొంతు తగ్గించాను.
"ఆ తెర ఊపిరి తీస్తోంది మేడమ్."
"ఏసీ గాలి. నాకూ కనిపిస్తోంది."
అది విని కాస్త నెమ్మదించాడు.

నాలుగున్నరకి నూట రెండు.
పాలవాళ్ళ వ్యాను రివర్సులో అరుస్తోంది.
"మీ మందుకీ బొమ్మలొస్తాయా?"
"రావు. ఏమీ రావు."
"మరి అంతసేపూ?"
"నిన్ను చూస్తూ కూర్చుంటాను."
ఆలోచించాడు.
"బోర్ కొట్టదా?"