పదో అంకె

పర్లాకిమిడిలో మా వీధి పొడవునా
కొమ్ము మీద ఆకురాయి చప్పుడు.
పొద్దున లేస్తే గుమ్మం మీద బూడిద రంగు పొడి,
కాలిన వెంట్రుకల వాసన.
చప్పుడు చెయ్యకుండా అరిగేది
ఒక్క నా గదిలోనే ఉంది.

కాలేజీ ల్యాబులో అటెండరుని నేను.
వేలంలో ఎవరూ ఎత్తని కౌంటరు
తూకం లెక్కన నాకు దక్కింది, పద్నాలుగు కిలోలు.
రిక్షా అతను "పాత టీవీయా అమ్మా?" అన్నాడు.
కెపాసిటర్లు మార్చాను, వెలిగింది.
చివరి గడిలో నడుం గీత ఒక్కటీ వెలగలేదు.
ఎనిమిదిని సున్నా అని చదువుకుని
నెల్లాళ్ళు సంతోషంగా మోసపోయాను.

తర్వాత క్రిస్టల్ వచ్చింది,
మూతబడ్డ టెలిఫోన్ ఎక్స్ఛేంజి పాత సామాన్లలోంచి.
గోరంత రాయి, దానికొక ఇనప పొయ్యి.
ఎనభై డిగ్రీలు. వెయ్యోవంతు డిగ్రీ అటూ ఇటూ అయినా అలుగుతుంది.
సెకనుకి కోటిసార్లు కొట్టుకోవాలి.
కోటి అంటే కోటి కాదు,
తొంభైతొమ్మిది లక్షల తొంభైతొమ్మిది వేల
తొమ్మిదివందల తొంభైతొమ్మిదీ, ఆ పైన చిల్లర.
నేను రాసుకునేది ఆ చిల్లర.

డాబా మీద ఉపగ్రహాల మాట వినే యాంటెనా,
కాకులు వాలకుండా దాని మీద బోర్లించిన ప్లాస్టిక్ డబ్బా.
అది సెకనుకోసారి తలుపు తడుతుంది,
నిమిషంలో తడబడుతుంది, నెలలో తప్పదు.
రాయి నిమిషంలో తడబడదు, నెలలో తప్పుతుంది.
వీధిలో ఆకురాళ్ళు ఆగాక
రోజూ ఆ ఇద్దరి మధ్యా కూర్చుని తగువు తీర్చేదాన్ని.

ఎదురింటి దండపాణి మహారణా
బీడీ బయట పారేసి వచ్చేవాడు.
"ఆ పదో అంకె ఎవరికి కావాలి కూతురా?"
ఆయన చేతిలో కొమ్ము కొంగ.
దాని మెడని నా దీపానికి అడ్డం పట్టి
ఎక్కడ మందమో వెలుతురునే అడుగుతున్నాడు.
"ఆ కొంగకి కనురెప్ప ఎవరికి కావాలి?" అన్నాను.
ఒడియాలో ఏదో గొణిగి, తెలుగులో నవ్వాడు.

ఆరేళ్ళు ఆ పొయ్యి ఆర్పలేదు.

ఆ అక్టోబరు గాలివానకి
మహేంద్రతనయ రోడ్డెక్కింది,
కరెంటు స్తంభాలు వరిచేలల్లో పడుకున్నాయి.
మొదటి రాత్రి ట్రాక్టరు బ్యాటరీ మీద పొయ్యి నడిపాను.
వీధిలో ఒక్కొక్క ఫోనూ చచ్చిపోతోంది,
నా దగ్గర బ్యాటరీ ఉందని ఎవరికీ చెప్పలేదు.
లెక్కలు రాసేదాన్ని కదా, ఇదీ రాస్తున్నాను.

రెండో రాత్రి దండపాణి మనవరాలు టుకునీకి
ఊపిరి ఈల వేయడం మొదలెట్టింది.
ఇంట్లో నెబ్యులైజరు ఉంది. నడిపేదేదీ లేదు.
ఆయన అడగలేదు.
గుమ్మంలో తడుస్తూ నిలబడి
బల్ల మీది చిన్న ఎర్రలైటు కేసి చూశాడు, అంతే.

తీగలు ఊడదీస్తుంటే పొయ్యి చేతికి తగిలింది,
ఆరేళ్ళ వెచ్చన.
చల్లారడానికి ముప్పావుగంట పట్టి ఉంటుంది.
లెక్కించడానికి ఏదీ నడవడం లేదు.

ఇన్వర్టరు గుర్రుమంది. మాస్కులో మంచు.
పిల్ల రొమ్ము మీద అరచెయ్యి పెట్టి కూర్చున్నాను.
నిమిషానికి యాభైఆరు.
యాభైరెండు.
చాలాసేపు యాభైరెండే.
తెల్లవారుజామున నలభై.
వాటి పక్కన చిల్లర లేదు.

పదకొండో రోజు కరెంటొచ్చింది.
రాయి మళ్ళీ వేడెక్కింది. పాత అంకెకి తిరిగి రాలేదు,
ఏ రాయీ రాదు.
పక్కనెక్కడో సర్దుకుని కూర్చుని
కొత్తగా జారడం మొదలుపెట్టింది.
గ్రాఫులో తొమ్మిది గళ్ళు ఖాళీ.

దండపాణి ఆ కాగితం అడిగి తీసుకున్నాడు.
కొంగ మెడని చూసినట్టే కిటికీకి అడ్డం పట్టి
గీత వెంట మెల్లగా జరుపుతూ, జరుపుతూ,
ఆ ఖాళీ దగ్గర ఆగాడు.
"ఇక్కడ బాగా కుదిరింది" అన్నాడు.
"వెలుతురు దిగుతోంది."

చవక కాగితం లే, అన్నాను.