నాడె గుర్తు

ఛత్తాబజార్ల మూడో గల్లీ, మెట్ల కింద నా దుకాణం.
ఎలక్షన్లొస్తే జెండాలు, రాకుంటే లగ్గం పత్రికలు.
ఏ రంగు అద్దినా గోరు సందుల మిగిలేది నలుపే.

వాడొచ్చిన రోజు కరెంటు లేదు.
టోలిచౌకి నుంచి రెండు బస్సులు మారి వచ్చిండట,
ఉస్మానియాల భూగర్భశాస్త్రం చదువుతడట.
పేరు సెలోర్మ్. నా నోట్ల అది మూడుసార్లు జారింది,
నాలుగోసారి సరిగ్గ పలికితే వాడే చప్పట్లు కొట్టిండు.

"నాలుగు వందల జెండాలు. మా పెద్దమ్మ పార్టీకి."
ఘానా, అన్నడు. సముద్రం పక్కన, అన్నడు.
అక్కడ లెక్కకొచ్చే పార్టీలు రెండే. ఒకటి దిగితే ఒకటి ఎక్కుతది.
మిగిలినయన్నీ బారాత్ వెనక నడిచే పిలగాండ్లు:
ఎగురుతరు గని బ్యాండు వాళ్లది కాదు.

పెద్దమ్మ బడిపంతులమ్మ, రిటైరైంది.
ముప్పై ఏండ్లు బోర్డు మీద తీరం గీసింది.
ఏడాదికోసారి ఆ గీతను కొద్దిగ లోపలికి జరపాల్సొచ్చింది.
సముద్రం వాళ్ల ఊళ్లె రెండు వీధులు తిన్నది,
పోస్టాఫీసు తిన్నది, తాత సమాధి తిన్నది.
గోడ కట్టిస్తమని వీళ్లొచ్చిండ్రు, వాళ్లొచ్చిండ్రు, పోయిండ్రు.
అందుకని పార్టీ పెట్టింది. మేనిఫెస్టో ఒక్క పేజీ.

మంచి రంగులన్నీ పెద్దోళ్లు ముందే పంచుకున్నరు,
వంకాయ రంగు మిగిలింది.
మరి గుర్తు? కాగితం మడత విప్పిండు.
బల్ల మీద పెట్టంగనే కంటి కంటె ముందు నా చెయ్యి చదివింది.

నాడె.

ఇంత పొడుగు, ఈ కొన ఆ కొన మొనదేలి,
నడుమ కండె పట్టే తొర్ర.
సిరిసిల్లల మా నాయిన గుంతమగ్గంల కూసోని
ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు
పొద్దంత విసిరిన చెక్క చేప.
"మా దిక్కు మొగోళ్లందరు నేస్తరు" అన్నడు.
నేను గాజెంగి రాజలింగాన్ని, పద్మశాలిని, అని చెప్పిన.
వానికేం సమజైందో ఏమో,
జెండాకు రెండ్రూపాయలు తగ్గించమన్నడు.
రూపాయి తగ్గించిన.

విమానంల ఇరవై మూడు కిలోలు దాటనియ్యరు.
మూడు వందల అరవై పోయినయ్. నలభై ఇక్కడనే ఆగినయ్.
బాకీ పన్నెండు వందలు.

చలికాలం ఫలితాలొచ్చినయ్.
మెట్ల మీద కూసోని వాడే చెప్పిండు:
తొమ్మిది వందల పదిహేడు ఓట్లు.
"మరి డిపాజిట్?"
నవ్విండు. "అది గూడ సముద్రంలకే."

చాయ్ తాపిచ్చిన. మా డివిజన్ల
కుట్టుమిషన్ గుర్తు మీద నిలబడ్డ మక్బూల్ భాయ్ సంగతి చెప్పిన:
పడ్డయి అరవై ఒక్కటి.
నేనే వేసిన భాయ్ అని ఇప్పటికి రెండొందల మంది చెప్పిండ్రు ఆయనకు.
అప్పుడు సెలోర్మ్ అన్నడు:
తొమ్మిది వందల పదిహేడు మంది భుజం భుజం ఆనించి నిలబడితే
అర కిలోమీటరు ఒడ్డు కాయొచ్చునట.
పెద్దమ్మ లెక్క కట్టిందట.
లెక్కల టీచరా అని అడిగిన.
కాదు, భూగోళం.

బాకీ మూడు కిస్తుల తీర్చిండు. మళ్ల రాలే.
మిగిలిన నలభైతోటి చేతులు తుడుచుకుంటున్న,
తప్పేముంది, గుడ్డ మంచిది.

స్క్రీన్ ఎంత కడిగినా
జాలిల పాత బొమ్మ పల్చగ పట్టుకోని ఉంటది.
మా పనిల అది మామూలే.
మొన్న కార్పొరేటర్ జెండాలు రెండు వేలు అచ్చేస్తుంటే
మూలకు, ఉన్నదా లేదా అన్నట్టు, నాడె మొన తేలింది.
వాళ్ల మనిషి బండి దిగి ఒకటి ఎండకు ఎత్తి పట్టిండు.
"ఏందన్నా ఈ మరక?"
"ఒక ఉతుకుల పోతది."

వాడు పోయినంక
దండెం మీద ఆరేసినయన్నీ ఒక్కొక్కటి తిప్పి చూసిన.
నూట పదకొండు.
పత్రిక అట్ట వెనక కూడిక వేసిన:
వెయ్యీ ఇరవై ఎనిమిది.