చిట్టి

ఎనుమాముల మార్కెట్ల దడ్వాయిని నేను.
ఒకపారి నలభై మూడు కిలోల మిర్చి బస్తాను
నలభై ఎనిమిదని రాసిన.
"రాసినంక అయిపాయె" అన్నడు సేటు,
రైతుకు మొత్తం పైసలిచ్చి
ఆ అయిదు కిలోలు నా కూలిల కోసుకున్నడు.

మొన్న నెట్ సెంటర్ల కనవడ్డది:
శంషాబాద్ నుంచి ఢిల్లీ,
మనిషికి రెండు వందల పదకొండు!
ఎయిర్‌పోర్టుదాంక బస్సుకే అంతకంటె ఎక్కువైతది.
రెండు కొన్న.
సారక్క కొత్త చీరెకు ఫాల్ కుట్టిచ్చుకున్నది,
కిటికీ సీటు తనదే అన్నది.

నాలుగోనాడు మెసేజ్:
ధరలో పొరపాటు. టికెట్లు రద్దు.
అసౌకర్యానికి చింతిస్తున్నాం.
నాలుగు వందల ఇరవై రెండు వాపసొచ్చినయ్.
ఫాల్ కుట్టిన డెబ్బై
ఏ లెక్కల రాయాల్నో తెల్వలే.

తెల్లకాయితం పట్టుకొని
హన్మకొండల వినియోగదారుల కమిషన్‌కు పోయిన.
గుమస్తా అద్దాల మీదికెల్లి చూసిండు:
"ఆ ధరకు ఇమానం రాదని
నీకు తెల్వదా పెద్దమనిషీ?"

తెలుసు సార్.
బస్తా నలభై ఎనిమిది లేదని
ఆ రైతుకు సుత తెలుసు.
సేటు నన్ను తిట్టిండు, నా కూలి కోసిండు,
గని
చిట్టి చింపలే.