కారణం రాయాల్సిన గడి

అనంతపురం ఎస్పీ ఆఫీసు ఎదురుగోడకు
రేకు దించుకున్న అంగడి నాది.
ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు,
కరెంటు పోతే నమ్ముకోడానికి
గుడ్డ కప్పిన పాత మిషను.

ముప్పై ఏండ్లుగా ఈ వేళ్లు ఎక్కువగా కొట్టింది ఒకటే మాట,
గడువు.
శనక్కాయకు ఊడలు దిగకముందే వాన ఎగ్గొట్టిందని గడువు.
బంగారం వేలమేస్తామని బ్యాంకోళ్లు నోటీసిస్తే గడువు.
ఎన్ని మంజూరైనాయో నన్నడగొద్దు.
కొట్టినందుకే నాకు కూలి.

ఆ పొద్దు ఇజ్లాల్ వచ్చింది. సూడాన్ పిల్ల,
యూనివర్సిటీలో భూగర్భ శాస్త్రం.
వెనకాలే కొంగు బిగించి, ఇంటి ఓనరు ఓబుళమ్మ.
ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు
చీర కొన్న కవర్లో పెట్టుకొని,
"నా సంతకం గావాలంట గదా సామీ,
యేలిముద్ర పనికొస్తాదా?"

పాస్‌పోర్టు తెరిచినా.
వీసా ఇంకా పదకొండు రోజులు.

ఇట్లాంటివి చెప్పేటప్పుడు గొంతులో ఏమీ పెట్టకూడదు.
పెట్టకుండానే చెప్పినా:
ఒక పేపరు తప్పింది గనక, కాలేజీ బోనఫైడ్ ఇస్తే
అది రాసేదాకా ఉంటానని అడగొచ్చు.
గడువు లోపలే అడగాల. దాటినాక అడిగితే
జుల్మానా, ఇంకా శానా కథ.
పీహెచ్‌డీ సీటొస్తే మళ్లీ కొత్తగా అడగొచ్చు.
ఈడ పెండ్లి చేసుకుంటే అదొక దారి
(ఓబుళమ్మ నవ్వింది, పిల్ల నవ్వలే).
శరణార్థులకు ఢిల్లీలో ఒక ఆఫీసుండాది,
రెండు రాత్రుల రైలు.
ఏదీ కుదరకపోతే ఎగ్జిట్ పర్మిట్.

"యాడికి?" అనింది పిల్ల.
తెలుగులోనే.
నాలుగేండ్ల నుంచి ఆటోవాళ్లు
రోజూ తనను అడిగిన మాట.

యాడికి అనేదానికి ఫారంలో గడి లేదు.
కారణానికి ఉంది, అగ్గిపెట్టంత.

చెప్తా పోయింది. నేను కొట్టలే.
వాళ్ల వీధి పేరు చెప్పింది.
వీధి మొదట్లో రొట్టెల బట్టీ వాడి పేరు చెప్పింది.
అన్న ఫోను రంజాన్ దాకా మోగేదంట,
ఇప్పుడు మోగడం కూడా లేదంట.

"వానల్లేవా ఆడ?" అడిగింది ఓబుళమ్మ.
మా దిక్కు ఊరు ఖాళీ అయ్యేది దానికే కదా.
"నీళ్లుండాయంటక్కా. ఊళ్లోనే రెండు ఏర్లు కలుస్తాయంట."
రెండు ఏర్లు పెట్టుకొని ఊరిడిచి వస్తారా అని
ఆయమ్మ కొంచేపు మమ్మల్నిద్దర్నీ నమ్మలే.

"తప్పింది ఏ పేపరు?"
"భూగర్భ జలాలు."
"పోనీలేమ్మా," అనింది ఓబుళమ్మ,
"తొమ్మిది బోర్లేసినాడు మా ఆయప్ప.
దాంట్లో మా ఊరోళ్లెవురూ పాసుగాలే."

అప్పుడు నవ్వింది పిల్ల.
పండ్లు కనపడేటట్లు, కండ్లు తుడుచుకుంటా.

గడిలో కొట్టినా:
ఒక సబ్జెక్టు మిగిలి ఉన్నది.
అబద్ధం గాదు.
ఆ గడిలో పట్టినంత నిజం.

ఓబుళమ్మ బొటనవేలు స్టాంపుప్యాడు మీద అదిమి
ఇంటి యజమాని అన్నకాడ ఒత్తింది,
పిండి ముద్దకు ఒత్తినంత గట్టిగా.
వేలు తుడుచుకోడానికి నా గోడ దగ్గరకు పోయింది.
రేకు కింద ఆ గోడ ఎప్పుడో ఊదారంగైపోయింది.
లోన్లోళ్లు, పింఛన్లోళ్లు, పొలాలమ్ముకున్నోళ్లు.
వాటి మధ్యన ఖాళీ చూసుకొని తుడిచింది.

మెట్టు దిగతా ఆగి, గొంతు తగ్గించి,
"పాసైతే పొమ్మంటారా దీన్ని?"
అనొచ్చు అన్నా.
ఆయమ్మ పిల్ల చెయ్యి పట్టుకొనింది.
"అట్లయితే నిదానంగా సదువుకో.
తొందరేముండాది."

శుక్రవారం పిల్ల ఒక్కతే వచ్చింది.
లోపల ఇంకొక జిరాక్స్ అడిగినారంట.
రెండు రూపాయలు తీసుకోలే నేను.
ఎనిమిది రోజులు.